గంట దాటిన సర్వరు

చిరంజీవి మాలినికి,

తిమ్మప్ప అనేక ఆశీస్సులతో రాస్తున్నది. ఇంట్లో అందరం క్షేమం. అందరం అంటే నేను, గౌరి ఆవు, అటక దిగని పిల్లి. మీ అమ్మ పోయాక ఈ మాట రాయబోతే చెయ్యి ఆగుతుంది. అయినా ఉత్తరమంటే దీనితోనే కదా మొదలవ్వాలి. పుణెలో నువ్వు సుఖంగా ఉన్నావని తలుస్తాను.

ముందు నీ ప్రశ్నలకు జవాబులు. ఇంటి కప్పు కారడం లేదు, ఈ వానలకు నాలుగు పెంకులు జరిగితే సర్దించాను. బీపీ మాత్రలు వేసుకుంటున్నాను. వంటా చేసుకుంటున్నాను, పొద్దున దోసెలూ పాకం బెల్లమూ, మధ్యాహ్నం అన్నమూ మజ్జిగలో సరస్వతి ఆకు నూరి కలిపిన తంబుళీ. కానీ ఒక్కడికి వండడం ఇంకా చేతకావడం లేదమ్మా. ఒక గుప్పెడు బియ్యం పోద్దామనుకుంటే చెయ్యి తనంతట తానే రెండోది పోస్తుంది. మిగిలిందల్లా తిని గౌరి బలిసింది. అమ్మ చీరలు ఎవరికైనా ఇచ్చారా అని అడిగావు. లేదు. ఎండకు వేసి, మడిచి, మళ్ళీ పెట్టెలోనే పెట్టాను. ఎవరికివ్వాలో నువ్వొచ్చి చెప్పు.

ఇక సర్వరు సంగతి. నీకు తెలియనిదా, బాగుచేసింది నువ్వే! కానీ అక్కడినుంచి నీకు తెర ఒక్కటే కనబడింది. తెరకు ఇవతల ఏం జరిగిందో నేను చెప్పకపోతే ఎవరు చెబుతారు?

అమ్మ కర్మలకు వచ్చినప్పుడు నేను బస్తాల లెక్క చూసే మా వక్కల సొసైటీలో పాత సర్వరు చచ్చిందని సెక్రటరీ శ్రీపాద హెగడేగారు నిన్ను బతిమాలారు గుర్తుందా? నువ్వు కొత్తదాంట్లో ట్రయల్ సాఫ్ట్‌వేర్ ఎక్కించి, పాత లెక్కలన్నీ అందులోకి చేర్చి, "ఆరు నెలల్లో అసలు లైసెన్సు కొని ఎక్కించాలి, లేదంటే గంటకోసారి దానంతట అదే ఆరిపోతుంది" అని మరీ మరీ చెప్పి వెళ్ళావు. హెగడేగారి సంగతి తెలిసిందే, నెత్తి తడిశాక గొడుగు వెతికే మనిషి. చివరికి కొన్నారు. లైసెన్సు అక్షరాలున్న కార్డు సరిగ్గా ఆయుధపూజ ముందు రోజు వచ్చింది. ఇంకేం, తక్కెడకూ వక్క కత్తులకూ సర్వరుకూ పూజ చేసేటప్పుడు, ఇదీ ఆయుధమేనని ఆ కార్డును పీట మీద పెట్టి, గంధం దట్టంగా మెత్తి, కుంకుమ పెట్టారు. పూజ అయ్యాక దేవుడి గూట్లో పెట్టేశారు. కొన్నాం, పూజ చేశాం, ఇంకేం కావాలని ఆయన నమ్మకం. అందరిదీ అదే నమ్మకం. నేనూ గూటి ముందు దణ్ణం పెట్టి వచ్చేవాణ్ణి.

దీపావళి దాటాక సర్వరు ఆరిపోవడం మొదలుపెట్టింది. నువ్వు చెప్పినట్టే, గంటకోసారి. లేపితే లేస్తుంది, మళ్ళీ గంటకు పడుకుంటుంది. మొన్న బుధవారం వేలం. రాశులన్నీ పోసి ఉన్నాయి, వర్తకులు గుప్పిట్లోకి తీసుకుని, కొరికి చూసి రేట్లు వేశారు. ఎవరి రాశికి ఎవరి రేటు ఎక్కువో తేలేలోపు తెర నల్లబడింది. వక్క రాశి తెచ్చిన రైతు సుబ్రాయ భట్టగారు గుమ్మంలోంచే కేక వేశారు.

"ఏమయ్యా హెగడే, నా రాశికి రేటు పలికే వేళకే దీనికి కునుకు రావాలా? భోంచేసి వచ్చిందా ఏం?"

"నన్నేం చేయమంటారు భట్టగారూ, హుబ్బళ్ళి నుంచి మనిషిని పిలిపించాను. మొత్తం తుడిచేసి మళ్ళీ కొత్తగా ఎక్కించాలంటున్నాడు."

"తుడిచేస్తాడా? మూడేళ్ళ లెక్కలయ్యా! నా వక్క ఏ గోదాంలో ఉందో నీ తాత వచ్చి చెబుతాడా?"

నకలు తీసుకుందామంటే అది గంట దాటనిస్తేగా! రైతులంతా గది నిండా మూగారు. అప్పుడు హెగడేగారు నా వైపు తిరిగి, "తిమ్మప్పా, పెట్టింది నీ కూతురే కదా, ఫోన్ కొట్టు" అన్నారు.

నీ కూతురు అని ఊరంతా సులువుగా అంటుంది. నీకు ఏడేళ్ళప్పుడు మీ అమ్మను చేసుకుని, మీ ఇద్దరినీ ఇంటికి తెచ్చుకున్నాను. నన్ను ఏమని పిలవాలని నువ్వడిగితే, "నీ ఇష్టం" అంది అమ్మ. నువ్వు ఏమనీ పిలవలేదు. పిలవకుండానే పని జరుపుకునేదానివి. "అన్నం వడ్డించారట" అని గోడకు చెప్పి వెళ్ళిపోయేదానివి. నాకేం కోపం లేదు, పోయినవాడు నీ కన్నతండ్రి, ఆ పిలుపు ఆయనది. కానీ ఫోన్‌లో మాట కలపడం నాకు చేతకాదు. అందుకే మనకు ఉత్తరాలు.

ఆ రోజు చేయక తప్పలేదు. నువ్వు "చెప్పండి" అన్నావు. కార్డు ఎక్కడుందని అడిగావు. "దేవుడి గూట్లో" అన్నాను. "గూట్లోనా!" అని నవ్వావు చూడు, అమ్మ పోయాక నీ నవ్వు వినడం అదే మొదలు. నేను పంచె అంచుతో గంధం గీకుతూంటే హెగడేగారు ఆగలేక, అందరికీ వినబడేలా మీట నొక్కారు.

"అమ్మాయ్, ఖాయంగా ఏవీ పోవుగా? ఊరు నన్ను నములుతుంది!"

నువ్వన్న మాట నాకు కంఠతా వచ్చేసింది. "ఏవీ పోవండీ. ఉన్నది ఉన్నట్టే ఉంచి అసలుదిగా మార్చే దారి ఉంది. అది మొదటినుంచీ పూర్తి సర్వరే, ఆ మాట దానికి చెప్పడమే మిగిలింది. ఫోను అప్పకివ్వండి, అక్షరాలు చదవాలి."

అప్పకివ్వండి.

గదిలో ఎవరికీ ఏమీ అనిపించలేదు. కూతురు తండ్రిని అప్ప అనక ఏమంటుంది? నాకు మాత్రం కార్డు మీది అక్షరాలు అలికినట్టయిపోయాయి.

"చదవవయ్యా తిమ్మప్పా! బస్తాల మీద అక్షరాలు చదువుతావుగా, ఇవెందుకు చదవలేవు?" అన్నారు భట్టగారు.

"కళ్ళలో సున్నం పడిందండీ."

"ఆకు నోట్లో వేసుకోవాలి గాని కంట్లో పెట్టుకుంటారా!"

అంతా నవ్వారు. అటునుంచి నువ్వు, "కంగారేం లేదప్పా. కళ్ళజోడు పెట్టుకో. మెల్లగా చదువు" అన్నావు. రెండోసారి! ఎన్నడూ నన్ను మీరు అనే పిల్లవి, పెట్టుకో అన్నావు!

చదివాను. నేనొక్కో అక్షరం చెబితే తెర మీద ఒక్కోటీ వచ్చి వాలింది. ఎంత శాతం పని అయిందో చూపే అంకె మెల్లగా నూరుకు పాకింది. యంత్రం ఆరి లేచింది, మళ్ళీ ఆరి లేచింది. తెర మూలన ఉండే ట్రయల్ రాత మాయమైంది. లెక్కలన్నీ చెక్కు చెదరలేదు. ఇక పని ఉందని నువ్వు ఫోను పెట్టేశావు. మేం మాత్రం ఎవరం కదల్లేదు. గంట దాటుతుందో లేదో చూడాలిగా! వర్తకులతో సహా ఆకుల పెట్టె ముందేసుకుని కూర్చున్నాం. గంట దగ్గరపడుతుంటే భట్టగారు నమలడం కూడా ఆపారు. దాటింది. సర్వరు దీపం వెలుగుతూనే ఉంది. వేలం సాగింది, భట్టగారి రాశే అన్నిటికంటే ఎక్కువ పలికింది.

"ఏం మారిందయ్యా దీంట్లో? అంతా పాతలాగే ఉంది" అని ఆయన గొణిగారు.

"ఏం మారలేదండీ. ఇక గంట గంటకూ బెదరక్కర్లేదు, అంతే" అన్నాను.

ఒక మాట దాచాను, ఇప్పుడు చెబుతున్నాను. అది ఆరినప్పుడల్లా అందరూ తిట్టుకుంటే నాకు లోలోపల సంబరంగా ఉండేది. నీకు ఫోన్ చేయడానికి ఒక సాకు దొరికిందని. రిసీవరు ఎత్తేవాణ్ణి, ఏమని మొదలుపెట్టాలో తెలియక పెట్టేసేవాణ్ణి. ఇప్పుడది బాగుపడింది, నా సాకు పోయింది. ఆ సాయంత్రం ఇంటికొచ్చి, సంతోషం పట్టలేక పిల్లికి చెప్పాను. అది ఒళ్ళు విరుచుకుని అవతలికి పోయింది. గౌరికి చెప్పాను. చివరికి గోడ మీది పటం దగ్గరకెళ్ళి, "విన్నావా నాగవేణీ, అప్పా అంది" అని చెప్పాను. ఇంట్లో ఇంకెవరున్నారు చెప్పడానికి?

ఆ హడావిడిలో నోరు జారి అన్నావో, నలుగురి ముందు బాగుంటుందని అన్నావో నేనడగను. వెనక్కి తీసుకోకపోతే చాలు. ఆదివారం సాకు లేకుండానే ఫోన్ చేస్తాను, ఎత్తు.

ఉత్తరం మొదట్లో పాత అలవాటు కొద్దీ నా పేరు రాసుకున్నాను. కింద మార్చి రాస్తున్నాను. నచ్చకపోతే కొట్టేయి తల్లీ, నేనేమీ అనుకోను.

ఇట్లు,
నీ అప్ప