ఇంకో బండి ఇరుసు

తాడిపత్రి

మా అక్క లక్షుమ్మకు, తమ్ముడు ఓబులేసు రెండు చేతులూ జోడించలేక ఒక్క చేత్తోనే దండం పెట్టి రాస్తున్న సంగతులు. నువ్వు, బావ, పిల్లలు, ఎనుము అందరూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. నల్లమాడలో చినుకైనా పడిందా? ఇక్కడ నేను బాగానే ఉన్నాను. అక్షరాలు కోడి గీకినట్టు ఉన్నాయని కంగారుపడొద్దు. కుడిచేతికి కట్టు ఉంది, ఎడమచేత్తో రాస్తున్నాను. ఎముక అతుక్కుంటుందని కట్టు కట్టినాయన చెప్పాడు. ఫోన్లో చెబుదామంటే బూత్‌లో జనం చెవులు రిక్కించుకుని నిలబడతారు, నువ్వేమో "చెయ్యి" అనగానే ఏడుపు మొదలుపెడతావు. మళ్ళీ చెప్తున్నా, బాగానే ఉన్నాను.

ఊళ్ళో కొట్లాటలకు దూరంగా ఉంటానని కదా నన్ను ఈ మెకానిక్ షెడ్డుకు పంపావు! ఇక్కడ బండలు కోసే మిషన్ల దుమ్ము అన్నంలో కూడా పడుతుంది. హోటల్ కూడు తిన్నప్పుడల్లా నీ సంగటి, ఊరుబిండి గుర్తొస్తాయి.

మాబు అనే డ్రైవర్ గురించి చెప్పాను కదా, ఆదివారం ఇంటికి పిలిచి అన్నం పెట్టే మనిషి. ఒక క్వారీ యజమాని దగ్గర పికప్ బండి నడిపేవాడు. ఆ యజమానిని అందరూ పెద్దాయన అంటారు, పేరు నేను రాయను. పోయిన నెల మాబు బండలు వేసుకుని క్వారీ దిగుతుంటే బ్రేకులు పడలేదు. పక్కన పెద్దాయన కొడుకు కూర్చున్నాడు. బండి గుట్టకు గుద్దుకుని, వెనక ఉన్న బండలన్నీ ముందుకొచ్చి ఆ పిల్లోడిని నలిపేశాయి. మాబు తల పగిలి బతికాడు. బతకడమే అతని తప్పయింది.

దినాలు కూడా కాకముందే పెద్దాయన, ఆయన మనుషులు బండిని, మాబును కలిపి మా షెడ్డుకు ఈడ్చుకొచ్చారు. మా మేస్త్రి ఆ గుంపును చూడగానే "టీ తాగొస్తా" అని పోయి సాయంత్రందాకా రాలేదు. మాబును షెడ్డు రాతిస్తంభానికి కట్టేసి ఫ్యాన్‌బెల్టుతో కొట్టారు. దెబ్బ పడినచోటల్లా చొక్కా చర్మానికి అతుక్కుపోయింది.

"ఎవుడు దుడ్లిచ్చినాడు రా నీకు, బ్రేకు పైపు కోయమని?" అని పెద్దాయన అడిగాడు.

"అల్లా తోడయ్యా, నేనేం చేయల్యా! బ్రేకు కిందికంటా పోతాండాదని నీకు చెప్పినా కదా! తొక్కి తొక్కి నడుపప్పా అంటివి!"

ఆ మాటకు ఒకడు మూతిమీద గుద్దితే రెండు పళ్ళు రాలాయి. పెద్దాయన వేటకొడవలి పట్టుకుని నావైపు తిరిగాడు.

"ఏమప్పా ఓబులేసూ, పైపు యాడ కోసినాడో చూపీ. ఈని చెయ్యి తీసి పోతా."

అక్కా, బండి కిందికి దూరి వేలితో తడుముతూ పైపంతా చూశాను. ఎక్కడా గీత కూడా లేదు. "పైపు బాగుండాది" అన్నాను. బయటికి రాకముందే ఒకడు డొక్కలో తన్నాడు.

"నీకూ ముట్టినాయా రా దుడ్లు?"

నా సంగతి నీకు తెలుసు కదా, ఒళ్ళు మండింది. "తన్నేదుంటే చక్రం ఇప్పినంక తన్నండప్పా!" అని అరిచి వెనక చక్రం ఊడదీశాను.

చక్రం లోపలి డ్రమ్ము నిండా బ్రేకు ఆయిలే. బ్రేకు తొక్కితే ఆ డ్రమ్మును లోపలినుంచి ఒత్తి ఆపే షూలు కొత్తవి. ఒక షూ తీసి డ్రమ్ములో పెడితే సందులో నా వేలు పట్టింది. అనుమానం వచ్చి మళ్ళీ కిందికి దూరి, ఇరుసు నడుమ ఉండే మూతమీద మట్టి గీకాను. ఈ కంపెనీ పికప్‌కు ఆ మూత గుండ్రంగా ఉండాలి. ఇది కోడిగుడ్డు మాదిరి కోలగా ఉంది. అది ఇంకో బండి ఇరుసు!

ఇక్కడ బండలు తోలేవాళ్ళకు ఇది అలవాటు. బరువు ఎక్కువ మోస్తుందని తుక్కు అంగట్లో పెద్ద వ్యాను ఇరుసు తెచ్చి కింద బిగిస్తారు. చక్రాల నట్లు సరిపోతాయి కాబట్టి పైకి ఏమీ తెలియదు. షూలు కొనేటప్పుడు మాత్రం ముందు రాసున్న బండి పేరే చెప్తారు. నీ కొలత చెప్పి మీ అత్తకు గాజులు తెచ్చినట్టే. షూ చిన్నది, డ్రమ్ము పెద్దది. అందనిదాన్ని అందుకోబోయి షూను తోసే పిస్టన్ బయటికి ఊడిపడింది, ఆయిలంతా కారిపోయింది.

"ఈ ఇరుసు మార్చింది ఎవురు?" అని అడిగాను.

"నేను పనిలో చేరకముందే మార్చినారు" అన్నాడు మాబు, నెత్తురు ఉమ్ముతూ.

"పెద్దాయనే కదా గుత్తిలో..." అని వాళ్ళలో ఒకడు నోరు జారి, పక్కవాడి వెనక్కి నక్కాడు. షూలు తెచ్చింది ఎవరని నేను అడగనక్కరలేకపోయింది. పెద్దాయన నా చేతిలోని షూ లాక్కుని తానే డ్రమ్ములో పెట్టి తిప్పాడు. అది గలగలమని జారింది.

నేను ఊరుకుని ఉండాల్సింది. నా నోరు ఊరుకుంటుందా! "పైపు ఎవురూ కోయల్యా పెద్దాయనా. పిల్లోడు పోయింది ఈ షూలతోనే" అన్నాను.

కొడవలి పారేసి జాకీ రాడ్డు అందుకున్నాడు. తలకు చెయ్యి అడ్డం పెట్టాను. నొప్పికంటే ముందు ఎముక విరిగిన చప్పుడు వినిపించింది. తర్వాత బండిమీద పడ్డాడు. అద్దాలు, లైట్లు, బానెట్టు, దొరికిందల్లా తన చేతులు చీరుకుపోయేదాకా కొట్టాడు. ఎవరూ దగ్గరికి పోలేదు. చివరికి "వాన్ని ఇప్పండి" అని ఎండలో నడిచి వెళ్ళిపోయాడు. మాబు ఇప్పుడు బత్తలపల్లెలో అత్తగారింట్లో ఉన్నాడు. గంజి తాగుతున్నాడట.

మొన్న పెద్దాయన ఒక్కడే వచ్చి పాత టైరుమీద కూర్చున్నాడు.

"సరైన షూలు యాడుంటే ఆడ తెచ్చి బిగియ్" అన్నాడు.

డ్రమ్మును గోనెసంచిలో వేసుకుని బస్సులో అనంతపురం పోయాను. అంగడి అంగడికీ తిరిగి, షూ తర్వాత షూ అందులో పెట్టి చూశాను. చివరికి ఒకటి సందు లేకుండా కూర్చుంది. మేస్త్రి బిగిస్తుంటే పెద్దాయన రెప్ప వేయకుండా చూశాడు. తర్వాత నన్ను అడిగాడు:

"ఆ పొద్దు నువ్వు నోరు మూసుకోనుంటే మాబును సంపేసి, మనసు సల్లబడి బతికుందు. ఇప్పుడు నా కొడుకును సంపినోడు నాతోనే తింటాండాడు, నాతోనే పండుకుంటాండాడు. వాన్నేం చేయాల్నో చెప్పప్పా."

నేను ఒక్క చేత్తో పాత షూలు ఏరి గోనెసంచిలో వేశాను అక్కా.

పెద్దమ్మకు నా దండాలు చెప్పు. పిల్లలకు ముద్దులు. ఊరుబిండి చేసి ఎవరైనా వస్తే పంపు. నా చేతికి నీ దీవెన ఒక్కటి చాలు.

ఇంకొక్క మాట. బావ పోయినేడు కొన్న పాత పికప్ ఈ కంపెనీదే, ఈ తాడిపత్రిలో బండలు తోలిందే. బావను అడగొద్దు, నా బండి బంగారం అంటాడు. నువ్వే కొంగు బిగించి వెనకనుంచి దూరి, మూతమీద మట్టి గీకి చూడు. గుండ్రంగా ఉంటే నాలుగు ముక్కలు రాయి. కోలగా ఉంటే తాళంచెవి నీ కొంగుకు ముడేసుకో. బావ అరిచినా, చెయ్యెత్తినా ఇవ్వొద్దు. నేను వచ్చి చక్రం విప్పేదాకా పిల్లల్ని ఎక్కనీయొద్దు.

నా చేతికోసం ఏడవడం తర్వాత. ఉత్తరం మడిచి ముందు బండి కిందికి దూరు.

నువ్వు పెంచిన తమ్ముడు,
ఓబులేసు