ఇరవై అని రాసింది

ఆదివారం, గార్డెన్ రీచ్

శైలు స్నేహితులతో అండమాన్ వెళ్ళి, సముద్రంలో మునిగిన ఓడనీ పగడాలనీ చూసి ఇవాళ వచ్చింది. తన డైవింగ్ పుస్తకం చూపించింది. సిలిండర్‌లో గాలి మీటరు మీద యాభై ఉండగానే పైకి రావాలని మొదటి పేజీలోనే ఉంది. మూడు డైవ్‌లు సరిగ్గానే ఉన్నాయి. ఓడ దగ్గర మాత్రం ఇరవై.

“ఇదేటే?” అన్నాను.

“పగడాలు చూస్తూ మీటరు మర్చిపోయాను. నేర్పించే బెంగాలీ దాదా అప్పుడే తిట్టేశాడు నానమ్మా, నువ్వు మళ్ళీ మొదలెట్టకు.”

మొదలెట్టాను. తర్వాత నాకే అన్నం సహించలేదు.

దసరా పూజ సెలవుల్లో మళ్ళీ వెళ్తానంటోంది. వద్దనాలనే ఉంది. కానీ ఇరవైని ఇరవై అనే రాసిన పిల్ల. వద్దంటే, ఈసారి ఇరవై ఉన్నా యాభై అని రాసి చూపిస్తుందేమో.