రాజన్న అందుకున్న గిన్నె

సుజాతా,

నువ్వు పోయి ఏడాదైంది. ఈ రోజు మన నస్పూర్ చర్చిలో ప్రభువు బల్ల దగ్గర రాజన్న మొదటిసారి గిన్నె అందుకున్నాడు.

బొగ్గు బావిలో పని చేసేటప్పుడు తాగి ఇల్లు పోగొట్టుకొని, బాప్తిస్మం రోజున తాగుడు మానేసిన మనిషి. ఇన్నాళ్లూ రొట్టె తిని, గిన్నె దగ్గర తల దించుకొని వెనక్కి వచ్చేవాడు. వైన్ బదులు ద్రాక్షపళ్ల రసం పెట్టమని నువ్వెన్నిసార్లు అడిగినా పెద్దలు ఒప్పుకోలేదు.

పోయిన వారం కూటంలో నేను అడిగితే సంఘ పెద్ద మళ్లీ అదే మాట అన్నాడు. "యేసయ్య ఇచ్చింది వైనే గదా. చెంచాడుతోని ఏమైతది?"

రాజన్న లేచాడు. "మీకేం గాదు. నాకు గా చెంచా కాడనే షురూ అయితది."

రసం నేను చేసి తెస్తానన్నాను. పాస్టర్‌గారు సరేనన్నారు.

పొద్దున నల్ల ద్రాక్ష ఉడికించి, వడగట్టి, చక్కెర కలిపాను. బల్ల దగ్గర ఆ రసం తాగి, రాజన్న నా పక్కన కూర్చొని చెవిలో అన్నాడు. "సారూ, గింత చక్కెరనా? తాగుడు బందువెట్టినోనికి షుగర్ బీమారి తెప్పిస్తవా? అక్క ఉంటే గిట్ల చేయనిస్తుండెనా?"

చేయనిచ్చేదానివి కాదు. వచ్చే నెల చక్కెర తగ్గిస్తాను.