వాన లేకుండా పండిన పత్తి

తిరువూరు

అక్కా,

నువ్వు పోయాక నీ స్టాటిస్టిక్స్ క్లాసు నా నెత్తిన పడింది. ఈ పిల్లలతో వేగలేకపోతున్నానే!

వానను బట్టి పత్తి దిగుబడి చెప్పే మోడల్‌ని సాఫ్ట్‌వేర్ ఒక్క నొక్కుతో సమీకరణంగా రాసిచ్చింది. దశాంశాల తోక మూరెడుంది. అందరూ నోటు పుస్తకాల్లోకి ఎక్కించుకున్నారు, అందులో ఏముందో ఒక్కరూ చదవలేదు.

"వాన దగ్గర సున్నా పెట్టి చూడండ్రా" అన్నాను. ఎకరానికి ఆరు క్వింటాళ్ళు వచ్చింది.

"చుక్క వాన లేకుండా పత్తి పండుద్దా?"

"సాఫ్ట్‌వేర్ అలాగే ఇచ్చింది మేడం."

ఒళ్ళు మండిపోయింది. ఇలాంటప్పుడు నువ్వనే మాటే నోటికొచ్చింది.

"ఆ విత్తనం ఎక్కడ దొరుకుద్దో కనుక్కోండి, గంపలగూడెం మండలమంతా వేయిద్దాం."

అందరూ గొల్లున నవ్వారు. అది నీ మాటని వాళ్ళకి తెలీదు. నీ దగ్గర చదివిన ఆఖరి బ్యాచ్ మొన్న వేసవిలో వెళ్ళిపోయింది.