లైబ్రరీ మేడ మీది హారను

1968 జనవరి 9

మళ్ళీ అదే రొద. నేను మైకులో "నమస్కారం" అన్నానో లేదో హారన్లోంచి తేనెపట్టు రేగినట్టు ఒకటే గోల. బావ యాంప్లిఫయరు వంక చూస్తూ కూర్చున్నాడు, దానికీ తనకీ సంబంధం లేనట్టు. రేడియో రిపేరు షాపు పెట్టుకున్న మనిషి! అక్కని ఇచ్చి పెళ్ళి చేసింది ఇందుకా.

ఉన్నదే పావుగంట. సగం దానికే పోయింది. వడ్ల ధర చదివాను, నువ్వుల ధర చదివాను, లైబ్రరీకి కొత్తగా వచ్చిన పుస్తకాల పేర్లు చదివాను. కోత కూలి రేట్ల మీద రాసుకున్నది మిగిలిపోయింది. ముఖ్యమైనదే ఎప్పుడూ మిగిలిపోతుంది.

"రేపు సదువు. కూలోళ్ళు ఎక్కడికి పోతారు?" — బావ.

జనవరి 11

విజయనగరం కాలేజీ నుంచి ప్రసాదు. మైకులో చదవమని వియత్నాం మీద దస్తా కాగితాలు తెచ్చాడు. ఎలా చదవను? ఈ హారన్లోనే రైతుల కార్యక్రమం అయ్యాక పంచాయతీ రేడియో కట్టేసి, వార్తల వేళకి మళ్ళీ పెట్టేలోపు మాకు దొరికేది పావుగంట. ధరవరలూ లైబ్రరీ సంగతులూ చదువుకోమని ప్రెసిడెంటుగారు ఇచ్చిన అనుమతి. అందులోనే కూలి రేట్లూ, కొండల మీద అడవి నరుకుడూ, అన్నీ దూర్చుకుంటున్నాం.

"ఈ పేజీ కొట్టేస్తాను ప్రసాదూ. 'సామ్రాజ్యవాదం' అన్న మాట పలికేసరికి నాకే నోరు నొప్పెడుతోంది."

"మీరు కూడా సెన్సారు మొదలుపెట్టారా సుభద్రగారూ?"

నవ్వు రాలేదు నాకు. కొట్టేశాను.

జనవరి 17

నరసమ్మ బుట్టతో సరాసరి లైబ్రరీలోకి. ఊరి పక్కన పారే గెడ్డలో చేపలు పట్టి వీధుల్లో అమ్ముకుంటుంది, మెట్లు ఎప్పుడూ ఎక్కదు. ఇవాళ ఎక్కి, బుట్ట తెచ్చి నా టేబుల్ మీద, పేపర్ల మీద పెట్టింది. తెల్లటి పొట్టలు పైకి తిరిగి అన్నీ చచ్చినవే. పేపరు చదువుకుంటున్న పెద్దమనుషులు ముక్కులు మూసుకుని బయటికి.

"ఇవి పట్టినవి కాదమ్మీ, ఏరినవి. గెడ్డంతా ఇలాగే తేలతన్నాయి. రేడియోలో సెప్పించు."

"నేనే చెప్తాను నరసమ్మా."

"నువ్వు కాదు తల్లీ. రేడియోలో."

ఏం చెప్పను ఈ మనిషికి... సాయంత్రమైనా టేబుల్ కి నీచువాసన పోలేదు.

జనవరి 18

వెళ్ళి చూశాను. చిన్నాన్న చెరుకుతోట దాటితే గెడ్డ. నీళ్ళు ముదురు పాకం రంగు. ఒడ్డు పొడుగునా నురగ. పైన చెరుకు మిల్లు గోడ కింద నుంచి కొత్తగా తవ్విన కాలవ... నిరుడు లేదు ఇది. నిలబడలేని కంపు. గేదెల్ని ఇటు తోలడం చిన్నాన్న ఎప్పుడో మానేశాడట.

"మరి ఎవరికీ చెప్పలేదేం?"

"ఏటి సెప్తాం? సెరుకు తీసుకునేది ఆళ్ళే కదేటి."

అలా అనేసి, ఒక గడ విరిచి నా చేతిలో పెట్టాడు, తినమని. తియ్యగానే ఉంది. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది.

జనవరి 19

చదివాను. నినాదం ఒక్కటీ లేకుండా. నీళ్ళ రంగు, వాసన, చేపలు, కాలవ ఎక్కడ మొదలై ఎక్కడ కలుస్తోందో. అంతే. హారను ఈ పూటకి బుద్ధిగా ఉంది. కింద సైకిళ్ళు ఆగాయి. బట్టల కొట్టువాడు గుమ్మంలోకి వచ్చి తల పైకెత్తి విన్నాడు. బావ నావైపు చూసి కళ్ళెగరేశాడు.

జనవరి 22

ఇదేం ఖర్మ! టీ దుకాణం దగ్గర అందరిదీ ఒకటే మాటట: "ఢిల్లీ రేడియోలో మన గెడ్డ గురించి సెప్పినారు." ఢిల్లీ! రోజూ నా మొదటి మాటే "ఇది మన ఊరి లైబ్రరీ నుంచి" అని కదా. పక్కింటావిడ నూతి దగ్గర అమ్మతో అందట, "ఆ రేడియో అమ్మ గొంతు అచ్చం మీ సుభద్ర గొంతులాగే ఉన్నాది" అని. అమ్మ "అవునే" అని మురిసిపోయి వచ్చింది. అదొక ముచ్చటలాగా నాతో చెప్పి నవ్వుతోంది.

బావ: "ఉండనీ. ఢిల్లీ అనుకుంతే మిల్లోళ్ళకి భయం ఉంటాది."

"అబద్ధం కదా బావా."

"నువ్వేటి అబద్ధం ఆడినావు? నిజమే సెప్తన్నావు. ఆళ్ళు ఇనుకోడం లేదు, అంతే."

మైకు వైరు చుట్టేసి వచ్చేశాను. ఇంకా మంటగానే ఉంది.

జనవరి 30

కాలవకి అడ్డంగా మట్టికట్ట వేశారు మిల్లువాళ్ళు! నరసమ్మ పరిగెత్తుకొచ్చి చెప్పింది. "రేడియో అంతే రేడియోయే" అంది. నాకో దండం పెట్టలేదు గానీ, మేడ మీది హారనుకి పెట్టింది.

ఫిబ్రవరి 6

మిల్లు చెరుకు ఇన్‌స్పెక్టరు లైబ్రరీకి వచ్చాడు. రేడియోవాళ్ళు ఊళ్ళోకి ఎప్పుడొచ్చారు, ఎవరెవరితో మాట్లాడారు, ఎక్కడ దిగారు...

"ఏ రేడియోవాళ్ళూ రాలేదండీ. నేనే చదివాను."

నమ్మడే! బీరువా పక్కన మైకు చూపించాను. వైరు పట్టుకుని మేడ మెట్ల దాకా చూసుకుంటూ వెళ్ళాడు. తిరిగొచ్చి కుర్చీలో కూలబడి నవ్వు... కళ్ళు తుడుచుకునేంత నవ్వు. "ఇదాండీ! దీనికా మా మేనేజరుగారు జ్వరం తెచ్చుకున్నారు!"

పోతూ పోతూ టీ దుకాణం దగ్గర ఆగాడు. ఇంకేం కావాలి.

ఫిబ్రవరి 8

కింద ఒక్క సైకిలూ ఆగలేదు. "లైబ్రరీ అమ్మాయి కబుర్లేటి ఇనేది" అన్నారట. నిన్నటి గొంతే, నిన్నటి మాటలే, నిన్నటి గెడ్డే.

పొద్దున్న కట్ట కొట్టేశారు. కాలవ మళ్ళీ పారుతోంది.

ఫిబ్రవరి 12

నరసమ్మకి నా మీద కోపం. "నువ్వేనని ముందే సెప్పొచ్చు కదా."

చెప్పాను కదా! రోజూ చెప్పాను కదా!

"సెప్పినావులే. గట్టిగా సెప్పలేదు."

ఫిబ్రవరి 20

చిన్నాన్నకి కోత ఆర్డరు రాలేదు. వరసలో అతని తోటే ముందు. దాన్ని దాటేసి గెడ్డ అవతలి వాళ్ళకి ఇచ్చారు. మిల్లు కాగితం రానిదే నరకడానికి లేదు. నరికి తోలినా గేటు దగ్గరే ఆపేస్తారు. ఎండలు ముదురుతున్నాయి, నిలబెడితే గడలో రసం ఉండదు. మిల్లు వచ్చిన ఏడే బెల్లం గానుగ అమ్మేసుకున్నాడు, వండుకోడానికీ లేదు.

అరుగు మీదే కూర్చున్నాడు, లోపలికి రాలేదు. అమ్మ మంచినీళ్ళు ఇస్తే ముట్టలేదు.

"నీ నోటికి నా సెరుకు ఎండిపోతన్నాదే అమ్మీ."

చిన్నప్పుడు నన్ను భుజాన ఎక్కించుకుని సంతకి తీసుకెళ్ళిన మనిషి. 

ఫిబ్రవరి 21

ప్రసాదుకి చెప్పాను. "వ్యవస్థ నైజమే అంత" అన్నాడు.

తెలుసు నాయనా. చిన్నాన్న చెరుకు సంగతి చెప్పు.

ఫిబ్రవరి 24

ప్రెసిడెంటుగారి దగ్గర నుంచి పిలుపు. మడత నలగని పొందూరు పంచె, పడక్కుర్చీ, నాకు గ్లాసుడు మజ్జిగ. మాట మహా మెత్తన.

"నీ గొంతు బాగుంటాదమ్మా, మానొద్దు. వియత్నాం గురించి ఎంత కావాలంతే అంత సెప్పుకో. అమెరికావోడిని తిట్టుకో, నాకేటి? గెడ్డ మాత్రం వద్దు." నేను లేస్తుంటే: "ఆఁ, ఆ కూలి రేట్లు కూడా వద్దు."

ప్రసాదు విని ఎగిరి గంతేసినంత పని చేశాడు. "చూశారా, వియత్నాంకి అనుమతి దొరికింది!"

ఈ మనిషిని ఏం చెయ్యాలి.

ఫిబ్రవరి 26

సరే, వియత్నామే చదివాను. విమానాల్లోంచి మందు చల్లుతుంటే అడవులు ఆకులు రాల్చేస్తున్నాయని ప్రసాదు రాసిన చోట, నా నోరు ఊరుకోలేదు. ఆ దేశంలో వాగుల్లో చేపలు తేలుతున్నాయన్నాను. ఆ వాగు ఒడ్డున చెరుకు వేసుకున్న రైతులు నోరెత్తడానికి లేదన్నాను. కింద ఎవరో ఫక్కున నవ్వారు. ఇంకెవరో అరిచారు: "ఆ వాగుకి పైన మిల్లు ఉన్నాదేటి?"

వార్తలకి ఇంకా టైముండగానే బావ రేడియో పెట్టేశాడు. అతనికి భయం వేసింది. నాకు కాదు.

కాదేం, నాకూ వేసింది.

ఫిబ్రవరి 27

అమ్మ: "మీ సిన్నాన్న తోట కంటే నీకు ఆ గొట్టమే ఎక్కువైపోనాదేటి?"

అన్నం పెట్టి, పక్కన కూర్చోకుండా వెళ్ళిపోయింది.

మార్చి 2

మానేశాను. పావుగంటా రేడియోలో ఏది వస్తే అదే. ఇవాళ వీణ. "బొబ్బిలిలో సేసిన వీణేమో" అన్నాడు బావ, నన్ను కాస్త నవ్విద్దామని. పుస్తకాలకి దుమ్ము దులుపుతూ కూర్చున్నాను.

మార్చి 5

మళ్ళీ వీణ.

మార్చి 9

చిన్నాన్నకి కోత ఆర్డరు వచ్చింది. ఎవరూ వెళ్ళి అడగలేదు, ఎవరి కాళ్ళూ పట్టుకోలేదు. నేను ఊరుకున్నాను, కాగితం నడిచి వచ్చింది. ఇంత సులువా!

సంతోషించాలి. అమ్మ చెరుకురసంతో పరమాన్నం వండింది. గొంతు దిగదనుకున్నాను. దిగింది.

మార్చి 13

మా పావుగంట వేళకి నరసమ్మ వచ్చి లైబ్రరీ మెట్ల మీద కూర్చుంది.  బుట్టలో ఎండుచేపలు. శ్రీకాకుళం అవతల సముద్రపు ఒడ్డు నుంచి తెచ్చుకుని అమ్ముతోందట.

"గెడ్డకి వెళ్ళడం లేదా?"

"ఎందుకు ఎల్తాను?"

వీణ అయ్యేదాకా కూర్చుంది. వార్తలు మొదలవగానే బుట్ట నెత్తికెత్తుకుని వెళ్ళిపోయింది. తిట్టినా బాగుండేది.

మార్చి 18

చిన్నాన్న ఆఖరి బండి చెరుకు మొన్న తోలేశాడు. ఇవాళ తెల్లారగానే మా ఇంటికి. తిన్నగా వంటింటి దాకా వచ్చి పీట వేసుకుని కూర్చున్నాడు.

"ఇంక సెప్పు."

"ఏమిటి చెప్పడం?"

"గెడ్డ సంగతి. నిన్న దూడ తాడు తెంపుకుని పోయి ఆ నీళ్ళు తాగి పడిపోనాది. నురగలు కక్కతన్నాది. సెప్పు. నా సెరుకు ఎల్లిపోనాది, ఇప్పుడు నన్నేటి సేస్తాడు?"

"వచ్చే ఏడు చిన్నాన్నా?"

"సెరుకు ఎయ్యను. సోళ్ళు ఏసుకుంతాను."

చెరుకు మాని రాగులట! నవ్వాలో, కసిరెయ్యాలో. మొన్న మొన్న నా నోటిని తిట్టిన మనిషి! కానీ తెగిన దూడ తాడు చేత్తోనే పట్టుకొచ్చాడు. దానికి పేరు కూడా పెట్టాడట.

మార్చి 19

మైకు లేదు. ప్రెసిడెంటుగారు తెప్పించేసుకున్నారు. "రిపేరుకి" అట. ఈ ఊళ్ళో మైకులు రిపేరు చేసేది బావ ఒక్కడే!

ఇన్నాళ్ళూ వణికిన బావకి ఆ ఒక్క మాటతో పౌరుషం వచ్చేసింది. "రిపేరుకంతాడా? నేను బతికుండగా రిపేరుకంతాడా?" అక్క లోపలి నుంచి ఏదో అంటే వినిపించుకోనే లేదు.

మార్చి 21

బావ షాపులో పెళ్ళిళ్ళకి అద్దెకిచ్చే హారను ఉంది, బ్యాటరీ ఉంది. చిన్నాన్న బండి ఇస్తానన్నాడు. రేపు సంత. బండి మీద హారను కట్టి, సంత మధ్యలో నిలబెట్టి చదవాలని వీళ్ళిద్దరి పథకం. చదివేది నేను. నన్నెవరూ అడగలేదు.

"పోలీసు పర్మిషను?"

"పెళ్ళికని తీసుకున్నది ఉన్నాది."

"ఎవరి పెళ్ళి?"

"ఎవలిదో ఒకలిది."

ప్రసాదు రాలేడు, పరీక్షలు. ఉత్తరం ముక్క పంపాడు. వియత్నాం ఊసు లేదు. "గెడ్డ గురించే చదవండి, మీరు రాసినట్టే" అని ఒక్క వాక్యం. ఇన్నాళ్ళకి.

రాసుకున్నాను. దూడ సంగతి కలిపాను. కోత ఆర్డరు సంగతి కూడా కలిపాను, చిన్నాన్నని అడిగే.

మార్చి 22

సంత సంగతి పొక్కినట్టుంది, రామినాయుడు వచ్చాడు. చిన్నాన్న తోట పక్క తోట అతనిది. చెరుకు ఇంకా నిలబడే ఉంది.

చేతులు జోడించాడు, నాకు! మా నాన్న ఈడువాడు. నేను కంగారుగా లేచి నిలబడ్డాను.

"నువ్వు సెప్పేది అబద్ధమని నేనను తల్లీ. మా గేదె కూడా ఆ నీళ్ళే తాగతాది. నా సెరుకు ఎల్లేదాక ఆగు. అంతే నేనడిగేది."

"ఆ తర్వాత?"

"నా తరవాత సత్తిబాబుది ఉన్నాది." ఏమీ దాచకుండా తనే అన్నాడు. "సత్తిబాబు కూడా వస్తానన్నాడు. సిగ్గుపడి ఆగిపోనాడు."

సత్తిబాబు తర్వాత ఇంకొకరు. ఆఖరివాడి బండి గేటు దాటేసరికి మిల్లు ఆగిపోతుంది. వానలు పడతాయి. గెడ్డ పొంగి కడుక్కుపోతుంది. కంపూ ఉండదు, కోపమూ ఉండదు. మళ్ళీ నాట్లు, మళ్ళీ కాలవ.

ఇదంతా అతనికి చెప్పబోయాను. అతనికి తెలీదా? ముఖం చూస్తే తెలుస్తూనే ఉంది. ప్రెసిడెంటుగారి మీద వచ్చినంత కోపం ఇతని మీద తెచ్చుకుందామంటే రావడం లేదు. అందుకే ఇంత విసుగు. తిట్టదగ్గ మనిషి ఎదురుగా లేడు.

  నా జవాబు వినేదాకా అతను వెళ్ళేలా లేడు. అరుగు మీద కూర్చున్నాడు, తలగుడ్డ విప్పి ఒళ్ళో పెట్టుకుని. నేను లోపలికొచ్చి ఇది రాస్తున్నాను.

బండి వచ్చింది. హారను ఒక పక్కకి ఒరిగిపోయి ఉంది, ఎడమ ఎద్దు దాన్ని చూసి బెదురుతోంది. చిన్నాన్న కిందికి దిగాడు. అరుగు మీది మనిషిని చూశాడు. ఇన్నేళ్ళు ఒకే గట్టు మీద కూర్చుని చద్దన్నం తిన్నవాళ్ళు.  చిన్నాన్న కాడి తాడు ఊరికే సర్దుతున్నాడు.

"సుభద్రా! సంత సెదిరిపోతాది. వస్తన్నావా, లేదా?" — బావ.

అమ్మ గుమ్మంలో నిలబడి నన్నే చూస్తోంది. ఈసారి వద్దని అనడం లేదు. 

రామినాయుడు లేచాడు...