ముసురు పట్టిన నెలలో సామేలుకు

సామేలూ, పీకేసిన చెనిక్కాయ చెట్లు ముసురుకు నాని, కాయలు మొలకలెత్తుతున్నాయి. తిరగేయడానికి నేనొక్కదాన్నే చేనికి పోతున్నాను. ఉట్టి మీద సంగటి, ఊరిబిండి ఉన్నాయి, తిను. ఎద్దులకు నీళ్లు పెట్టు. కాస్త ఎండ కనిపిస్తే దుప్పటి వదిలి అరుగు మీద కూర్చో.

ప్రతి ఏడూ ఇంతే. క్రిస్మసు ముందర పొద్దు కురచైతే చాలు, గోడవైపు తిరిగి పడుకుంటావు. నిన్న తలుపు తెరిచినందుకు "ముయ్యక్కా, ఆ వెలుతురు నాకొద్దు, నన్నిట్ల ఇడిసిపెట్టు" అని చెంబు విసిరావు. నుదురు ఇంకా సలుపుతోంది. చర్చిలో "మీ తమ్ముడు యాడమ్మా, కనపడ్లేదే" అని అడిగినవాళ్లందరికీ జ్వరమని అబద్ధం చెప్పలేక చస్తున్నాను. చేను నీ పేరన ఉంది, విరిగేది నా నడుము. మొగుడు పోయి పుట్టింటికొచ్చింది నీకు కూలి చేయడానికి కాదు.

మార్తమ్మ

జ్ఞానమణి పెద్దమ్మ కాయలు వలుస్తానని మన అరుగు మీదికి వస్తుంది. ఆమె దగ్గర వలిచే కాయలు లేవు, మూట నేనే ఇచ్చాను. నిన్ను ఒక్కణ్ణే వదిలి పోవాలంటే భయమేసింది. ఆమెను కసిరితే మాత్రం ఊరుకోను.