వీధి అరుగు

రెంటచింతల
1962 మార్చి

ప్రియమైన బావకు,

నువ్వు కాగితం మీద గీసి పంపిన ఇల్లు మామ లేపాడు. నాపరాళ్ళన్నీ తానే చెక్కాడు, ఇంకొకర్ని ముట్టుకోనివ్వలేదు. పాలెంలో కాలేజీకి పోయినవాడివి నువ్వొక్కడివే గదా, నా కొడుకు రేపు డ్యాములు కడతాడని దారిన పోయేవాళ్ళందర్నీ ఆపి చెప్పాడు.

నీ బొమ్మలో వీధి వైపు అరుగుంది. ఆసామి మల్లికార్జునరావు బండి పోయేటప్పుడు మనవాళ్ళు కూచుని కనపడగూడదు గదా, అందుకే పాలెంలో ఎవరికీ వీధి అరుగు లేదు. వద్దని నలుగురూ చెప్పారు. "వాడు చదువుకున్నోడు, తెలిసే గీసుంటాడు" అని మామ కట్టేశాడు.

నిన్న మామ దాని మీద కూచుని ఉండగా ఆసామి బండి ఆగింది. అతని మనుషులు గడ్డపారలతో ముందు అరుగు పగలగొట్టారు. తర్వాత మామ చేతులు రాతి మీద పెట్టించి, వాటినీ పగలగొట్టారు. ఎముకలు బయటికొచ్చాయి. కట్లు కట్టించాను. అన్నం నేనే తినిపిస్తున్నాను.

నువ్వు రావద్దు. పరీక్షలు రాయి. ఇది మామ మాట.

నీ శౌరమ్మ

కాకినాడ

ప్రియమైన శౌరీ,

తప్పు నాది. ఇక్కడ మేం గీసే ప్రతి ఇంటికీ ముందు వరండా ఉంటుంది. అలవాటుగా చెయ్యి గీసేసింది. మనది ఎవరి వీధో మరిచిపోయాను. నా చదువు మీద నమ్మకంతో నాయన ఒక్క మాట కూడా అడగలేదు.

పరీక్షలు నాకొద్దు. గొడ్డలి నూరించి గడ్డివాములో పెట్టు. మాచర్ల రైలు దిగి నేరుగా వస్తాను. అతను పొలానికి పోయే దారి నాకు తెలుసు. మెడ నరికి, ఆ తల అతని అరుగు మీదే పెడతాను. తర్వాత ఉరి తీసినా సరే.

నీ బావ

రెంటచింతల

ప్రియమైన బావకు,

మామకు వాపు తగ్గింది. నిన్న గంజి తాగి కాస్త నవ్వాడు కూడా. పరీక్ష ఎగ్గొట్టి వస్తే నీ మొహం చూడనన్నాడు. ఆఖరి పరీక్ష రాసి బయలుదేరు. గొడ్డలి నూరించాను. ఆసామి ఎక్కడికీ పోడు.

నీ శౌరమ్మ

సబ్ జైలు నుంచి

ప్రియమైన బావకు,

నాతోపాటు ఇక్కడున్న హజ్రా బీ రేపు విడుదలవుతుంది. ఈ ఉత్తరం ఆమె చేతికిస్తున్నాను, అందుకని దాచకుండా రాస్తున్నాను.

పోయిన ఉత్తరం అబద్ధం. అది రాసేనాటికే మామను మట్టిలో పెట్టి వచ్చాం. చేతులు నల్లబడి జ్వరమొచ్చింది. రాయి చెక్కుతున్నట్టు ఆ కట్లు ఆడిస్తూనే పోయాడు. చెబితే నువ్వు రైలెక్కుతావని చెప్పలేదు.

నీ పరీక్షలు మొదలయ్యాక ఆసామి ఒక్కడే వచ్చాడు. పగిలిన అరుగు మీద కూచుని చుట్టకు నిప్పు తెమ్మన్నాడు.

"నీ మొగుడొస్తాడు గదా. రానీయే. అయ్యకు చేతులే తీశాం, వాడికి తలకాయ తీపిస్తా" అన్నాడు.

నిప్పు కోసం లోపలికి పోయి మామ సమ్మెట తెచ్చాను. వెనక నుంచి కొట్టాను. చుట్ట రాలింది గానీ మనిషి పడలేదు, నా వైపు తిరిగాడు. రెండో దెబ్బ నుదుటి మీద పడింది. తర్వాతవి నాకు గుర్తు లేవు. పక్కింటివాళ్ళు నన్ను లాగేసరికి అతనికి మొహమే లేదు.

స్టేషనులో ఎస్సై నమ్మలేదు. "ఇది ఆడదాని దెబ్బ కాదు. నీ మొగుడు చంపి నిన్ను పంపాడు. వాడి పేరేందే?" అన్నాడు. మొగుడి పేరు పలికితే ఆయుష్షు తగ్గుతుందని మా అమ్మ నేర్పింది. పెళ్ళైనప్పట్నుంచీ నా నోట నీ పేరు రాలేదు. తల వంచుకుని నిలబడితే, జుట్టు పట్టి గోడకేసి కొట్టారు. పళ్ళు ఊడి చేతిలో పడ్డాయి. నెత్తురు ఉమ్మి చెప్పాను.

"ఇన్నయ్య. కాకినాడలో పరీక్ష రాస్తన్నాడు. పోయి అడగండి."

పోయి అడిగారు. ఆ పూట నువ్వు పరీక్ష హాల్లోనే ఉన్నావని తేలింది. ఇంక నీ జోలికి రారు.

నువ్వు చంపాల్సిన మనిషి లేడు బావా. మిగిలిన పరీక్షలు రాయి. పాసయ్యాక నన్ను చూడ్డానికి రా.

ఇన్నయ్య భార్య,
శౌరమ్మ